మెరుపు చూసి పసుపు బాయిలర్ కొనకండి, రేకు వెనకాల ఏమున్నదో చూడండి



పోస్టు పొడుగున్నది, ఓపికతో చదవండి. పసుపు తవ్వకాలు మొదలు కాకముందే రాస్తున్న. కల్లంలో పచ్చి పసుపు కుప్ప పడ్డంక ఎవరికీ చదివే తీరిక ఉండదు. అప్పుడు బాయిలర్ ఎవరు ముందు పంపిస్తే వాళ్లకే సరే అంటం. దాని రేకు ఎంత మందమున్నదని ఆ గడియలో ఎవ్వరం అడగం.

ఈ మధ్య ఏ ఊరికి పోయినా ఒకటే మాట వింటున్న. "ఈసారి స్టెయిన్‌లెస్ బాయిలర్ చేయిస్తున్నమే, జంగు పట్టదు, జిందగీ మొత్తం ఉంటది" అని. చెప్పేటోళ్ల మొఖంలో సంతోషం చూస్తే నాకు భయమైతది. మూడేండ్ల కింద నేను కూడా ఇట్లనే సంతోషపడ్డ.

నా మాట ముందే సూటిగా చెప్తున్న. "బాయిలర్‌కు ఏ లోహం మంచిది?" అని అడగడమే తప్పు. ఒక్క బాయిలర్‌లో నాలుగు తీర్ల చోట్లుంటయ్, ఒక్కో చోట ఒక్కో పని. అడగాల్సింది ఇది: "ఈ రేకుకు ఒక దిక్కు మంట ఉన్నది, ఇంకో దిక్కు ఏమున్నది?" నీళ్లుంటే ఒక లోహం, గాలి ఉంటే ఇంకోటి, పసుపు ఉంటే మరోటి. ఇది తెలియకుండా మెరుపుకు పైసలు పెడితే పైసలూ పోతయ్, మనుషులూ కాలుతరు.

మాకు జరిగింది చెప్తా. మేం ఐదుగురం రైతులం కలిసి ఒక బాయిలర్ చేయించినం. షాపు పేరు చెప్పను, ఊరు చెప్పను. ఆయన మీద కోపంతో రాస్తలేను, తప్పులో సగం మాది. మేం అడిగింది రెండే మాటలు: ఎంతకిస్తవ్, ఎప్పుడిస్తవ్. ఆయన "లోపలి మంట గొట్టం స్టెయిన్‌లెస్ వేస్తనన్నా, మామూలు ఇనుము మూడేండ్లకే తినేస్తది" అన్నడు. మెరుస్తున్న గొట్టాన్ని నిమిరి చూసి మురిసిపోయినం. అది 2 ఎంఎం రేకు అని తెలిసింది పగిలినంకనే.

రెండో సీజన్. తెల్లారుజామున మొదటి డ్రమ్ములు ఎక్కించినం. మా మేనల్లుడు పొయ్యిలోకి మొద్దు తోస్తున్నడు. గొట్టం చివర వెల్డింగు పక్కనుంచి సన్నగా చీలి, లోపలి నీళ్లు నిప్పుల మీద పడ్డయ్. ఒక్క లీటరు నీళ్లు ఆవిరైతే 1,600 లీటర్లకు పైన జాగా కావాలె. పొయ్యిలో అంత జాగా ఎక్కడిది? ఆవిరి, నిప్పు కణికెలు, వేడి బూడిద అన్నీ కలిసి పొయ్యి నోట్లో నుంచి బయటికి తన్నినయ్. పిల్లగాడు పక్కకు దుంకిండు గనుక మొఖం దక్కింది. మోకాళ్ల కింద రెండు కాళ్లు కాలినయ్. నలభై రోజులు మంచం మీదనే ఉన్నడు. ఆ ఏడు వాని డిగ్రీ పరీక్షలు పోయినయ్. ఇంకో పది నిమిషాలు ఆగితే అక్కడ డ్రమ్ములు దించడానికి నలుగురు ఆడకూలీలు నిలబడేటోళ్లు. ఆ సంగతి గుర్తుకొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

షాపాయనను అడిగితే "మీ బోరు నీళ్లు మంచియి కావన్నా, ఉప్పున్నది" అన్నడు. ఆ మాట నిజమే. కానీ ఉప్పు నీళ్లకు ఆ రేకు పెట్టొద్దని తెలవాల్సింది ఎవరికి? పసుపు పండించేటోనికా, బాయిలర్ అమ్మేటోనికా?

అప్పటినుంచి నేను ఇదే పని మీద పడ్డ. వెల్డింగు చేసేటోళ్లను, రైస్ మిల్లు బాయిలర్ల దగ్గర పని చేసినోళ్లను అడిగి తెలుసుకున్న. అర్థమైన కాడికి మీ ముందు పెడుతున్న.

ముందు వేడి సంగతి. కట్టెల మంట నిప్పుల దగ్గర 800 నుంచి 1000 డిగ్రీల దాకా ఉంటది. ఇనుము కరగాలంటే 1500 డిగ్రీలు కావాలె. "ఇంకేం, కరగదు కదా" అంటరు. కరగాల్సిన పని లేదు. 600 డిగ్రీల దగ్గరికి పోతేనే మామూలు ఇనుము బలం సగానికి పడిపోతది. ఎర్రగా కాలిన కొడవలిని కమ్మరాయన ఎంత సులువుగా వంచుతడో మనం చూడలేదా?

మరి రోజూ మంటలో ఉండే బాయిలర్ ఎందుకు వంగదు? వెనకాల నీళ్లున్నయ్ కాబట్టి. బడిలో సైన్సు సారు కాగితం దొప్పలో నీళ్లు పోసి దీపం మీద కాచి చూపించిండు, గుర్తున్నదా? కాగితం కాలలేదు. నీళ్లు వేడిని ఎప్పటికప్పుడు గుంజుకుంటయ్. ఒక కిలో ప్రెషర్‌లో నీళ్లు 120 డిగ్రీలకు మరుగుతయ్. రేకు శుభ్రంగా ఉండి వెనకాల నీళ్లున్నంత సేపు, ముందు వెయ్యి డిగ్రీల మంట ఉన్నా రేకు వేడి ఆ నీళ్ల వేడి కన్నా కొంచెమే ఎక్కువ ఉంటది.

అంటే అర్థమేంది? వెనకాల నీళ్లున్న చోట లోహం మహా వేడి తట్టుకోవాల్సిన అవసరమే లేదు. అక్కడ కావాల్సింది మందం, మంచి వెల్డింగు, ఎప్పుడూ తగ్గని నీళ్లు. దానికి మామూలు మైల్డ్ స్టీలు, అంటే ఎంఎస్ ప్లేటే సరిపోతది. రైస్ మిల్లుల బాయిలర్లలో మంట తగిలే ప్లేట్లు ఈ జాతి ఉక్కువే, మెరిసే స్టెయిన్‌లెస్ కాదు. వాళ్లకు పైసలు లేకనా?

ఇప్పుడు స్టెయిన్‌లెస్ సంగతి. అది చెడ్డ లోహం అని నేనంటలేను. ఎర్రటి వేడిలో మామూలు ఇనుము కన్నా బాగా నిలబడతది. 310 గ్రేడు లాంటివి కొలుముల కోసమే చేస్తరు. కానీ మన బాయిలర్‌లో నీళ్ల పక్కన పెడితే దానికి నాలుగు తిప్పలున్నయ్.

మొదటిది ఉప్పు. నీళ్లలో క్లోరైడు ఉండి, వేడి 60 డిగ్రీలు దాటి, వెల్డింగు దగ్గర రేకు గుంజుకొని ఉంటే, 304 గ్రేడు స్టెయిన్‌లెస్‌కు సన్నటి పగుళ్లొస్తయ్. జంగు కనబడదు, రేకు అరగదు, పైకి మెరుస్తనే ఉంటది. లోపల వెంట్రుకంత చీలిక పాకుతది. ఎంఎస్ ప్లేటుకు జంగు పడితే కండ్లకు కనబడతది, సుత్తెతో కొడితే మోత మారుతది, అంటే చెప్పి చస్తది. స్టెయిన్‌లెస్ చెప్పకుండా పగులుతది. మాకు జరిగింది ఇదే.

రెండోది సాగుడు. వేడెక్కితే స్టెయిన్‌లెస్ మామూలు ఇనుము కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతది. 2 మీటర్ల గొట్టం 100 డిగ్రీలు వేడెక్కితే ఇనుము 2.4 ఎంఎం సాగుతది, స్టెయిన్‌లెస్ 3.4 ఎంఎం. బయటి డొల్ల ఇనుముది, లోపలి గొట్టం స్టెయిన్‌లెస్‌ది పెట్టి రెండింటినీ కలిపి వెల్డు చేస్తే, ఆ ఒక్క ఎంఎం తేడా అంతా వెల్డింగు మీదనే పడతది. రోజూ వేడెక్కుడు, చల్లారుడు. ఒక తీగను అటూ ఇటూ వంచుతుంటే ఏమైతదో అదే అయితది.

మూడోది ధర. కిలోకు స్టెయిన్‌లెస్ మామూలు ఇనుము కన్నా మూడు రెట్లకు పైనే. మనమేమో పాత ధరకే కావాలంటం. ఆయన ఏం చేస్తడు? 6 ఎంఎం వేయాల్సిన చోట 2 ఎంఎం వేస్తడు. మనం మెరుపు కొని మందం పోగొట్టుకుంటం.

నాలుగోది గ్రేడు. 304 అని చెప్పి 202 అంటగట్టేటోళ్లు ఉన్నరు. 202లో నికెల్ తక్కువ, మాంగనీసు ఎక్కువ, ధర తక్కువ. "అయస్కాంతం అంటుకుంటలేదు చూడన్నా, అసలుదే" అంటరు. ఆ పరీక్షతో తేలదు. 304కూ అంటుకోదు, 202కూ అంటుకోదు.

మరి స్టెయిన్‌లెస్ ఎక్కడ పెట్టాలె? పసుపు తగిలే చోట. కాడి, గోళ ఉడికే డ్రమ్ము, అడుగున చిల్లుల జల్లెడ రేకు, ఇవి 304వి ఉంటే మంచిది. ఇనుప జంగు పసుపుకు తగిలితే రంగు నల్లబడతది. మార్కెట్ యార్డులో రంగు చూసే రేటు కడతరు గనుక అక్కడ పెట్టిన పైసలు వాపస్ వస్తయ్. డ్రమ్ముకు మంట తగలదు, ఆవిరి ఒక్కటే తగుల్తది. అక్కడ 2 ఎంఎం అయినా నడుస్తది, ఎందుకంటే డ్రమ్ము మూత వదులుగా ఉంటది, ప్రెషర్ నిలవదు. మూత బిగించి తాళం వేసే డ్రమ్మయితే మాత్రం ఆ లెక్క వేరు, దాన్ని కూడా బాయిలర్ లెక్కనే చూడాలె.

వెనకాల గాలి ఒక్కటే ఉన్న చోట, అంటే పొయ్యి తలుపు, నిప్పులు నిలిచే జాలి, పొయ్యి నోరు, అక్కడ రేకును చల్లార్చేటిది ఏమీ లేదు. అక్కడ సన్న రేకు ఏదైనా వంకర పోతది. జాలికి పోత ఇనుము కడ్డీలు వేయించండి, విడివిడిగా, ఒకటి పోతే ఒకటే మార్చుకునేటట్టు. పోత ఇనుము వేడికి ఆగుతది గానీ ఎర్రగా ఉన్నప్పుడు నీళ్లు చల్లితే పటుక్కున పగులుతది. పొయ్యి నోటికి, తలుపు లోపలి దిక్కుకు ఫైర్ ఇటుక వేయించండి. ఇటుక చేసే పనికి లోహం కొనడమెందుకు?

పొగ గొట్టానికి మామూలు ఎంఎస్ రేకు చాలు. అది ఎట్లయినా పోయేదే. పచ్చి కట్టె కాలిస్తే పొగలో పులుపు నీళ్లు, తారు చేరి గొట్టాన్ని లోపలినుంచి తింటయ్. ఎండిన కట్టె వేస్తే ఎక్కువ కాలం వస్తది. బోల్టులతో బిగించి పెట్టుకుంటే నాలుగేండ్లకోసారి మార్చుకోవచ్చు.

ఇగ అసలు వద్దనేవి రెండున్నయ్.

ఒకటి జీఐ. జింకు పూత ఉన్న పైపులు, రేకులు మంట దగ్గరికి రానీయొద్దు. జింకు 419 డిగ్రీలకే కరుగుతది, 907 డిగ్రీలకు మరిగి ఆవిరి అయితది. మన మంట దానికన్నా ఎక్కువ. పాత బోరు పైపులు ఇంట్లో ఉన్నయని పొగ గొట్టాలకు, మంట గొట్టాలకు వెల్డు చేయిస్తున్నరు. ఆ తెల్లటి పొగ పీల్చిన వెల్డింగు పిల్లగాళ్లకు రాత్రికి చలిజ్వరం వస్తది. మలేరియా అనుకొని గోలీలు మింగుతరు. అది జింకు పొగ జ్వరం.

రెండోది తుక్కు డ్రమ్ములు. 200 లీటర్ల ఆయిల్ డ్రమ్ము, కెమికల్ డ్రమ్ము తెచ్చి కోసి బాయిలర్ చేస్తున్నరు. ఆ రేకు ఒక ఎంఎం అటూ ఇటూ. లోపల ఇంతకుముందు ఏం పోసిండ్రో ఎవరికి తెలుసు? కోసేటప్పుడు లోపల మిగిలిన ఆవిరి అంటుకొని పేలి చచ్చినోళ్లున్నరు. ఒకవేళ పేలకపోయినా, ఆ డ్రమ్ము ఆవిరితో ఉడికిన పసుపు మన పిల్లలు కూడా తింటరు. కిలో ముప్పై రూపాయల తుక్కు కోసం ఇంత అవసరమా?

"అన్నా, నీ మాటలు బాగున్నయ్, 6 ఎంఎం ప్లేటు వేస్తే చిన్న రైతు ఎట్ల భరిస్తడు?" అని అడుగుతరు. లెక్క వేద్దాం. రెండడుగుల వెడల్పు, 2 మీటర్ల పొడుగు మంట గొట్టం అనుకోండి. 3 ఎంఎం బదులు 6 ఎంఎం వేస్తే ఎక్కువ పడే ఇనుము సుమారు 90 కిలోలు. కిలో 70 రూపాయలు అనుకున్నా 6,300. మేం ఐదుగురం గనుక మనిషికి 1,260. మా మేనల్లుని దవాఖాన ఖర్చులో అది ఎన్నో వంతో చెప్పడానికి నాకు సిగ్గైతది.

"మందం ప్లేటు వేస్తే కట్టెలు ఎక్కువ కాలుతయ్" అని ఇంకో మాట. ఇది ఉత్త మాట. 3 ఎంఎంకు, 6 ఎంఎంకు వేడి పారే తేడా మనం పట్టించుకోవాల్సినంత ఉండదు. కట్టెలు తినేది నీళ్ల దిక్కు పేరుకునే సున్నపు గార. ఆ గార ఇనుము కన్నా ఇరవై రెట్లకు పైగా తక్కువ వేడిని పంపుతది. దానివల్ల కట్టెలు దండుగ, ఇంకా పెద్ద నష్టం ఏందంటే, గార అడ్డం ఉంటే నీళ్లు రేకును చల్లార్చలేవు. వెనకాల నీళ్లున్నా లేనట్టే. గార మందమయ్యే కొద్దీ రేకు వేడెక్కి ఉబ్బుతది. అందుకే చేతులు పట్టేంత మూత పెట్టించి, సీజన్ మధ్యలో ఒకసారన్నా లోపల కడగాలె. వాననీళ్లు, కాల్వ నీళ్లు దొరికితే బోరు నీళ్ల కన్నా మేలు.

ఇప్పుడు ప్రెషర్. "మన బాయిలర్‌లో ప్రెషర్ ఎంతుంటది, ఒక కిలో" అని తేలికగా అంటరు. ఒక కిలో అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. 60 సెంటీమీటర్లు పొడుగు, 60 వెడల్పు ఉన్న చదును ప్లేటు మీద అది 3,600 కిలోలు. అంటే 45 కిలోల యూరియా బస్తాలు 80 ఒక్క రేకు మీద పేర్చినట్టు. పెట్టె తీరు చేసిన బాయిలర్ అందుకే పక్కలకు ఉబ్బుతది. గుండ్రంగా చేసినది అదే మందంతో ఎక్కువ బరువు ఆపుతది. పెట్టె తీరే కావాలంటే లోపల అడ్డం కడ్డీలు వేయాలె.

300 లీటర్ల నీళ్లు 120 డిగ్రీల దగ్గర ఉండగా డొల్ల పగిలితే, అందులో సుమారు 11 లీటర్లు ఒక్క క్షణంలో ఆవిరి అయితయ్. ఆ ఆవిరి ఎనిమిదడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిని నింపుతది. ఒక్క క్షణంలో. పక్కన నిలబడ్డ మనిషి సంగతి మీరే ఆలోచించండి.

ఇంట్లో ఐదు లీటర్ల కుక్కర్ కూడా దాదాపు ఆ ఒక కిలో ప్రెషర్ మీదనే నడుస్తది. దానికి విజిల్ ఉన్నది, అది మూసుకపోతే ఊడిపోవడానికి సేఫ్టీ వాల్వు ఉన్నది. ఐదు లీటర్లకు రెండు కాపలాలు. 300 లీటర్ల బాయిలర్‌కు మాత్రం ఒక నట్టు బిగించి దాని మీద రాయి పెడుతున్నం. ఆడవాళ్లు వంటింట్లో చేయని తప్పు మనం కల్లంలో చేస్తున్నం.

షాపుల్లో ఇంకో గొప్ప చెప్తరు: "ఇది నాన్ ఐబీఆర్ అన్నా, కాగితాలు అక్కర్లేదు, ఇన్‌స్పెక్టర్ రాడు." సంగతి ఏందంటే, 1923 నాటి బాయిలర్ల చట్టంలో 25 లీటర్ల లోపువి, ఒక కిలో ప్రెషర్‌కు తక్కువ ఉండేటట్టు చేసి నడిపేవి లెక్కలోకి రావు. ఆ పాత చట్టం జాగాలో 2025లో కొత్త చట్టం కూడా వచ్చింది. మన బాయిలర్ ఒక కిలోకు తక్కువ మీదనే నడుస్తదని ఆయన అంటడు. సరే, డ్రమ్ములకు పోయే వాల్వులన్నీ ఒక్కసారి మూసేసి, కూలీలు ఛాయ్ తాగడానికి పోయినప్పుడు కూడా ఒక కిలోకు తక్కువే ఉంటదా? మంట ఆగదు కదా. నాన్ ఐబీఆర్ అంటే భద్రమని కాదు. ఇన్‌స్పెక్టర్ రాడు గనుక ఇన్‌స్పెక్టర్ పని మనమే చేయాలని.

"మా నాయిన కాలంలో ఇవన్నీ ఎవరు చూసిండ్రు" అంటే, ఆ కాలంలో ఉడకబెట్టింది మూత బిగించని కడాయిలో. ముప్పావు గంటో, గంటో ఉడికేది, కట్టెలు ఎక్కువ అయ్యేవి, నిజమే. కానీ నీళ్లు అయిపోతే పసుపు మాడేది, కడాయి పేలేది కాదు. ఆవిరికి దారి ఎప్పుడూ తెరిచి ఉండేది. మనం కొత్త పద్ధతికి వచ్చినం, పని తొందరగా అయితున్నది, నేను వాపస్ పొమ్మంటలేను. కానీ ఆవిరికి దారి మూసినప్పుడు దాంతోపాటు వచ్చే బాధ్యత కూడా తీసుకోవాలె. అది తీసుకోలేమనుకుంటే ఒక పని చేయండి. బాయిలర్ నుంచి డ్రమ్ములకు పోయే దారుల్లో ఒక్కటన్నా వాల్వు లేకుండా, ఎప్పుడూ తెరిచి ఉండేటట్టు చేయించండి. కొంత ఆవిరి దండుగ అయితది. కానియ్యండి.

మనలో చాలామంది బాయిలర్ కొనం, కిరాయికి తెచ్చుకుంటం. కిరాయి అయినా, కొన్నా ఈ మాటలు అడగండి. అడగడానికి సిగ్గుపడకండి, పైసలు మనయి.

ఒకటి. మంట తగిలే ప్లేటు మందం ఎంత? నేనైతే 6 ఎంఎంకు తక్కువ ఒప్పుకోను. కొత్తది చేయిస్తుంటే ప్లేటు కోయకముందే పోయి వెర్నియర్‌తో కొలవండి. వెర్నియర్ లేకపోతే తూకం ఉన్నది. నాలుగడుగులు, ఎనిమిదడుగుల షీటు 6 ఎంఎందయితే సుమారు 140 కిలోలు, 3 ఎంఎందయితే 70. తూకం అబద్ధం చెప్పదు.

రెండు. ప్లేటు ఏది? ఐఎస్ 2002 బాయిలర్ ప్లేటు దొరికితే అన్నిటికన్నా మంచిది. దొరకకపోతే, ఒక కిలో లోపు నడిపే దానికి ఐఎస్ 2062 కొత్త ప్లేటు. రెండిట్లో ఏదైనా మిల్లు సర్టిఫికెట్ అడగండి, దాని మీది హీట్ నంబరు, ప్లేటు మీది నంబరు ఒకటేనా చూడండి. పాత ఓడ ప్లేటు, పాత ట్యాంకు ప్లేటు అంటే వాపస్ రండి.

మూడు. ఆవిరి పైపులు ఏ క్లాసు? సి క్లాసు ఎంఎస్ పైపుకు ఎర్ర పట్టీ ఉంటది. పసుపు పట్టీ ఎ క్లాసు, నీలం బి క్లాసు. ఎర్రదే తీసుకోండి.

నాలుగు. సేఫ్టీ వాల్వు, ప్రెషర్ మీటరు, నీళ్లు కనబడే గాజు గొట్టం, ఈ మూడూ ఉన్నయా? నీళ్లు తగ్గితే కరిగి మంట ఆర్పే ప్లగ్గు కూడా ఉంటే ఇంకా మంచిది. సేఫ్టీ వాల్వు పిడి రోజూ పొద్దున ఒకసారి లేపి చూడండి. గాజు గొట్టంలో నీళ్లు కనబడకపోతే పొయ్యి ముట్టియ్యొద్దు.

ఐదు. నీళ్ల పరీక్ష చేసిండ్రా? బాయిలర్ నిండా చల్లటి నీళ్లు పోసి, గాలి లేకుండా చేసి, చేతి పంపుతో నడిపే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు ఎక్కించి అరగంట చూడాలె. చెమ్మగిల్లితే వెల్డింగు సరి లేనట్టే. ఈ పరీక్ష మన కండ్ల ముందు చేయమనండి. గాలి కంప్రెషర్‌తో చేస్తనంటే మాత్రం ఒప్పుకోవద్దు. నీళ్లతో పగిలితే కారుతది, గాలితో పగిలితే పేలుతది.

ఇంకో మాట, ఇది ప్రాణం మాట. ఎప్పుడన్నా నీళ్లు పూర్తిగా అయిపోయి రేకు కాలిపోయినట్టు అనిపిస్తే, గాబరాపడి లోపలికి నీళ్లు పెట్టొద్దు. ఎర్రటి రేకు మీద నీళ్లు పడితే అంతా ఒక్కసారే ఆవిరి అయితది. మోటరు బంద్ చేయండి, మనుషులను దూరం పంపండి, పొయ్యిలో పొడి ఇసుకో, మట్టో, బూడిదో చల్లి మంట అణచండి, గాలి తలుపు మూయండి. చల్లారేదాకా ముట్టుకోవద్దు. ఆ బ్యాచ్ పసుపు పోతే పోనియ్యండి.

సీజన్ అయిపోయినంక బూడిద మొత్తం గీకి తీసేయండి. కట్టె బూడిదలో ఉప్పుల తీరు పదార్థాలుంటయ్, అది గాలిలో తేమ గుంజుకుంటది. వానకాలమంతా తడి బూడిద పొయ్యి అడుగునే ఉంటే ప్లేటును అదే తింటది. మనం "మామూలు ఇనుము మూడేండ్లే ఉంటది" అనేది ఇందుకే. తిన్నది మంట కాదు, మన బద్ధకం. నీళ్లు మొత్తం తీసేసి, లోపల ఆరబెట్టి, పొగ గొట్టానికి టోపీ పెట్టి, రేకుల షెడ్డు కింద పెట్టండి.

నిజామాబాద్‌లో 2025 జనవరి నుంచి జాతీయ పసుపు బోర్డు ఉన్నది. ధర గురించి అడుగుతున్నం, అడగాల్సిందే. దాంతోపాటు ఇది కూడా అడుగుదాం: పసుపు బాయిలర్‌కు ప్లేటు మందం ఎంత, వాల్వు ఏది, నీళ్ల పరీక్ష ఎట్ల అన్నది ఒక కాగితం మీద తెలుగులో రాసి ప్రతి ఊరికి ఇయ్యాలె. బాయిలర్‌కు సబ్సిడీ ఏది ఇచ్చినా ఆ కాగితం ప్రకారం ఉన్న దానికే ఇయ్యాలె. రాకముందు మాత్రం మన జాగ్రత్త మనదే.

మేం ఆ బాయిలర్‌ను తుక్కుకు అమ్మినం. కొత్తది 6 ఎంఎం ఎంఎస్ గొట్టంతో చేయించినం. నల్లగా ఉన్నది, మెరవదు, చూసినోళ్లు "ఏందన్నా, పాత మోడలా" అంటున్నరు. నేను నవ్వి ఊకుంటున్న. మా మేనల్లుడు మళ్లీ పొయ్యి కాడనే ఉంటున్నడు, కానీ మొద్దు తోసే ముందు గాజు గొట్టంలో నీళ్లు చూసుకుంటున్నడు. వాని కాళ్ల మీద మచ్చలు పోలేదు.

మీ ఊర్లో ఎవరన్నా ఇప్పుడు బాయిలర్ చేయిస్తుంటే ఈ పోస్టు వాళ్లకు పంపండి. అడ్వాన్సు ఇయ్యకముందే పంపండి.